మూడో సెన్సారు

ఆ మూడో సెన్సారుతో వేగలేక దేవకుమార్‌కి ఒళ్ళు మండిపోతోంది.

ఎనభై ఏడో సంవత్సరం, వానాకాలం. విశాఖ ఫిషింగ్ హార్బర్ వెనకాల ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఆటోమేటిక్ కంట్రోలు పెట్టడానికి వచ్చాడతను. నిజానికి పెద్ద పనేం కాదు. చల్లగది గోడకి వరసగా నాలుగు టెంపరేచర్ సెన్సార్లు. మొదటిది తలుపు పక్కన, నాలుగోది లోపలి చివర. వాటి వైర్లన్నీ బయట ప్యానెల్లో ఉన్న ఇన్‌పుట్ మాడ్యూల్‌కి వస్తాయి. నాలుగూ మైనస్ పద్దెనిమిదికి దిగగానే అవుట్‌పుట్ మాడ్యూల్ కంప్రెసర్‌ని ఆపాలి. అంతే.

మిగతా మూడూ దిగాయి. మూడోది మాత్రం ముప్ఫై ఏడు దగ్గర కూర్చుంది. అందుకని కంప్రెసర్ ఆగదు. ఒకటే రొద.

వైరు మార్చాడు. ముప్ఫై ఏడు. కొత్త సెన్సారు బిగించాడు. ముప్ఫై ఏడు. ఆ వైరుని వేరే ఛానెల్లో పెట్టి, సెట్టింగులన్నీ మొదటినుంచి చేశాడు. అక్కడా ముప్ఫై ఏడే. మళ్ళీ యథాస్థానంలో బిగించి, స్క్రూడ్రైవర్ నేలకేసి కొట్టాడు.

"మాడ్యూల్ బాగుంది, వైరు బాగుంది. మరేం రోగం దీనికి?"

యజమాని కామరాజు అప్పుడే వచ్చి చూసి వెళ్ళాడు. "రేపు సరుకు ఓడెక్కాలయ్యా. సాయంత్రానికి ఇది కుదరకపోతే నీ డబ్బా పీకించేస్తాను. మీ కంపెనీవాళ్ళు మళ్ళీ నా గుమ్మం తొక్కక్కర్లేదు" అన్నాడు.

ప్లాంటు ఆపరేటర్ జగ్గారావు బీడీ ఆర్పి, గొంతు తగ్గించాడు.

"బాబూ, ఆ మూడోదాని కాడ మేం సరుకు ఎట్టం. ఎట్టిన పెట్టెలు పక్కకి జరిగిపోతాయి."

"ఎవరు జరుపుతారు?"

"ఏటో బాబూ... నానెప్పుడూ సూడ్డానికి ఎల్లలేదు."

"ఆ కబుర్లు తర్వాత. టార్చి ఇలా ఇయ్యి."

లోపలికి అడుగుపెట్టగానే, చలి బయటికి పోకుండా జగ్గారావు వెనకనుంచి తలుపు మూశాడు. చీకటి. అమ్మోనియా ఘాటు, రొయ్యల నీచు. కాళ్ళకింద మంచు కరకరలాడుతోంది. మొదటి సెన్సారు మీద తెల్లటి మంచు. రెండోదాని మీదా అంతే.

మూడోదాని దగ్గర మంచు లేదు.

గోడ తడిగా ఉంది. నీచు వాసన కాదిక్కడ... చెమట వాసన. ఇందాక సెన్సారు మార్చినప్పుడు ఇది లేదు. రోజంతా మూటలు మోసిన మనిషి పక్కన నిలబడితే వచ్చే వాసన. టార్చి వెలుతురు అటూ ఇటూ తిప్పాడు. ఎవరూ లేరు.

విసుగ్గా సెన్సారు పట్టుకోబోయాడు.

చేతికి ఇనుము తగల్లేదు. మెత్తగా తగిలింది.

వేళ్ళు...

సెన్సారుని గుప్పిట్లో బిగించి పట్టుకున్న వేళ్ళు. కంటికి ఏమీ లేదు. అతని చేతికింద అవి ఒక్కొక్కటే వదులయ్యాయి... మెల్లగా...

ఎలా బయటపడ్డాడో తెలీదు. జగ్గారావు తలుపుకి గడియ బిగించి, ప్యానెల్ వైపు చూపించాడు.

"బాబూ, దిగతంది!"

నిజమే. మూడో సెన్సారు దిగిపోతోంది. సున్నా... మైనస్ పది... మైనస్ పద్దెనిమిది. దేవకుమార్ ఊపిరి పీల్చుకునేలోపల, రెండోది పైకి లేచింది... సరిగ్గా మనిషి ఒంటి వేడికి. ముప్ఫై ఏడు.

కాసేపటికి అదీ దిగింది.

మొదటిది లేచింది.

"అది తలుపు పక్కదే కదా బాబూ..." జగ్గారావు ఒకడుగు వెనక్కి వేశాడు.

ఇద్దరూ తలుపుకేసి చూశారు. గడియ కదల్లేదు. మొదటిది కూడా నెమ్మదిగా దిగింది. ఇప్పుడు నాలుగూ మైనస్ పద్దెనిమిది. అవుట్‌పుట్ మాడ్యూల్ మీద దీపం ఆరింది. కంప్రెసర్ ఆగింది. ఇంతసేపూ ఎంత ఏడ్చినా కుదరనిది, చక్కగా కుదిరింది. ఆ నిశ్శబ్దంలో దేవకుమార్‌కి నవ్వు రాలేదు.

సామాన్లు సర్దుకుని వర్షంలోకి పరిగెత్తాడు. ఆవరణలో తన స్కూటర్ నిలువునా తడుస్తోంది. ముందు సీటు మీద నీళ్ళు నిలిచాయి.

వెనక సీటు మీద చుక్క తడి లేదు.

అనుమానంగా చెయ్యి చాపాడు.

చెయ్యి సీటుదాకా వెళ్ళలేదు... మధ్యలోనే వెచ్చగా తగిలింది.