ఉసురు చోదకం

నూకరత్నం పంపులకు ఆజ్ఞలిచ్చే కొత్త చోదకాన్ని కేంద్రకం గడప బయటే ఆపి, పరీక్ష గదిలోని పంపు మీద మరోసారి నడిపించింది. కొత్త రకం శ్వాసిని పంపు బుద్ధిగా కవాటం మూసి, లోపలి ఒత్తిడి కొలుచుకొని, మళ్ళీ తెరిచింది. గాలి వచ్చింది. ఇంతవరకూ పేచీ లేదు.

సముద్రం అడుగున కడలిపురం మొత్తం ఈ పంపుల మీదే బతుకుతోంది. పంపులన్నిటినీ నడిపేది ఒకటే యంత్రపు మెదడు, కేంద్రకం. అందులోకి ఏ చోదకాన్ని రానివ్వాలన్నా ఒక మనిషి "నా పూచీ" అని నోటితో చెప్పాలి. ఆ తర్వాత ప్రతి పంపూ తన పేరు చెబుతుంది. పేరు కలిస్తే చోదకం దాని మీద చెయ్యి వేస్తుంది. ఇవాళ పూచీ నూకరత్నం వంతు.

పూచీ ఇచ్చే ముందు దిబ్బవాడ పంపులను పేరడిగి, జవాబులు చూస్తుంటే ఆమెకు తేడా కొట్టింది. అన్నీ శ్వాసినులమనే చెప్పుకుంటున్నాయి. గాలి మాత్రం రెండు విడతలుగా వదులుతున్నాయి. శ్వాసిని అలా వదలదు. ఆ వాడ మేస్త్రీ దానయ్యను ఫోన్లో పిలిచింది.

"బాబాయ్, నిజం చెప్పు. అక్కడున్నవి శ్వాసినులేనా?"

దానయ్య ఇక దాచలేదు. "ఏటి సెప్పమంతావు రత్నమ్మా! పాత ఉసురు పంపులే. పేరు మార్చీసినాం. ఉసురంటే మీవోళ్ళు బాగుసెయ్యటానికి రారు గదా. జాబితాలోంచి ఆ పేరే తీసీసినారు. శ్వాసిని అని సెప్పించినాకే ఓ బోల్టు ముక్కైనా ఇచ్చినారు."

నూకరత్నానికి ముప్పు అర్థమైంది. ఉసురు కవాటం ఒకసారి మూసుకుంటే దానంతట అది తెరుచుకోదు. చేత్తో చక్రం తిప్పాలి. చక్రాలేమో గోడకు అవతల, సముద్రం వైపు ఉన్నాయి. కొత్త చోదకం చేసే మొదటి పనే కవాటం మూయడం. ఎవరైనా బయటికి వెళ్ళి తిప్పేలోగా దిబ్బవాడ జనం ఊపిరాడక పోతారు.

"మా ఉసురు పోసుకోకండమ్మా," అన్నాడు దానయ్య.

అంతలో పై అధికారి త్రివిక్రమరావు లోపలికి వచ్చాడు. "అయిందా అమ్మా? ప్రారంభోత్సవానికి అందరూ వచ్చి కూర్చున్నారు."

ఆమె విషయమంతా చెప్పింది. అతను ఆశ్చర్యపోలేదు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది అందుకే.

"పేరు కలిసింది కదా. నియమం అడిగేది అంతే. అబద్ధం చెప్పింది వాళ్ళు, వాళ్ళే అనుభవిస్తారు."

"చెప్పించింది ఎవరు సార్? పేరు కొట్టేసింది మీరు. బాగుచెయ్యబోమని మొండికేసింది మీరు. ఇప్పుడు తప్పు వాళ్ళదనడానికి మీకు నోరెలా వస్తోంది?"

"మాటలు జాగ్రత్త! నువ్వు పూచీ ఇవ్వకపోతే ఇంకొకరు ఇస్తారు. లే ఆ కుర్చీలోంచి."

అదీ నిజమే. తాను లేచిపోతే తనకు పాపం అంటదు, అంతే. కవాటాలు మాత్రం మూసుకుంటాయి.

ఆమె లేవలేదు. జాబితాలోంచి కొట్టేసిన, కవాటం మూయని ఉసురు చోదకాన్ని పాత గోదాములోంచి లాగి, కొత్తదాని పక్కనే కేంద్రకం ముందు పెట్టింది. ఒక షరతు జోడించింది. ఇక ఏ పంపునూ పేరు అడగొద్దు. ఊళ్ళోని ప్రతి పంపునూ ఒక్క ఊపిరి వదలమను. ఆ ఊపిరిని బట్టే చోదకాన్ని ఇవ్వు.

"ఎవరి పూచీ?" అంది కేంద్రకం.

"నీ ఉద్యోగం ఊడుతుంది!" అరిచాడు త్రివిక్రమరావు.

"నూకరత్నం," అందామె. "నా పూచీ."

కేంద్రకం గడప తెరిచింది. పంపులు ఒక్కొక్కటే ఊపిరి వదులుతుంటే తెర మీద అసలు పేర్లు పడసాగాయి. దిబ్బవాడ, ఉసురు. అది ఆమె ఊహించిందే. కానీ అక్కడితో ఆగలేదు. బజారు వీధి, ఉసురు. ప్రసూతి వార్డు, ఉసురు. సరికొత్త శ్వాసినులని కాంట్రాక్టరు అమ్మితే, పాలకమండలి కళ్ళు మూసుకొని బిగించుకున్న పంపులవి. ఎంత దర్జాగా మింగారు అనుకుంది నూకరత్నం.

త్రివిక్రమరావు కుర్చీ వెనక చేరి తెరలోకి వంగాడు. గొంతు తగ్గింది. "మావి... ఆఫీసర్ల క్వార్టర్స్‌లోవి కొత్తవే కదమ్మా? మా అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది."

నూకరత్నం ఆ వరుస చూపించింది.

"పేరు శ్వాసినే సార్. ఊపిరి ఉసురుది. ఇప్పుడు చెప్పండి, పేరు చూసి మూసెయ్యమంటారా?"