మామగారు ఆపని చప్పుళ్లు

మా మామగారు పోతూ పోతూ మాకు అంటగట్టిపోయింది ఒక చిన్న తెరచాప పడవ. పడవ కాదండీ అది, తలనొప్పి! గాలి కాస్త వీచిందా, తాడు తెరచాప కొయ్యకేసి టపటపా కొట్టుకుంటుంది. చుక్కాని కిర్రుమంటుంది. సొరుగులో గిన్నెలు గలగలమంటాయి. అరలో ఖాళీ సీసా ఒకటి అటూ ఇటూ దొర్లుతుంది. నలభై ఏళ్లలో ఆ మనిషి ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం లంగరు వేసుకుని నేనూ, బామ్మర్దీ ఉన్నాం. వాడికి ఈత రాదు. వాళ్ల అన్నయ్య చిన్నప్పుడు ఈ పడవ మీంచే నీళ్లలో పడ్డాడు, దొరకలేదు. అందుకే బయల్దేరేటప్పుడు మా ఆవిడ "తమ్ముడు జాగ్రత్తండీ" అని రెండుసార్లు చెప్పింది.

పడవలో ఆ చప్పుళ్ల గోలకి నాకు ఒళ్లు మండిపోయింది. పనిముట్ల సంచీ విప్పాను. తాడుని కొయ్యకి దూరంగా లాగి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేశాను. చుక్కాని బందులకి కొవ్వొత్తి రుద్దాను. గిన్నెల మధ్య తువ్వాలు కుక్కాను. సీసాకి మేజోడు తొడిగాను.

"వాటి జోలికి పోకు బావా," అన్నాడు బామ్మర్ది. "నాన్న కావాలనే అలా ఉంచేవాడు. ఓసారి నేనా సీసా తీసేస్తే చెంప పగలగొట్టాడు."

"మీ నాన్న బద్ధకానికి నువ్వో వకీలువి! నోర్మూసుకుని కూర్చో."

బయట పొగమంచు కమ్మింది. పడవ గది లోపల తడిచెక్క వాసన, మైనం వాసన. ఒక్క చప్పుడు లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

టక్... టక్... టక్.

పడవ అడుగు నుంచి.

"దీని దుంప తెగ, ఇంకోటి మిగిలిందా!"

నేలచెక్కలు లేపి చూశాను. ఏమీ లేదు. కోపం పట్టలేక సుత్తితో అడుగుమీద మూడు దెబ్బలు వేశాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత కిందనుంచి... మూడు దెబ్బలు. నేను కొట్టినంత గట్టిగా. నాకున్నంత కోపంగా.

బామ్మర్ది మొహం పాలిపోయింది. "ఇది వినపడకూడదనే బావా... నాన్న..." అంటూ లేచి పైకి వెళ్లాడు.

"అన్నయ్యా?" అని వాడు మెల్లగా పిలవడం వినపడింది.

"ఒరేయ్, లోపలికి రా!"

నీళ్లలో పడిన చప్పుడు కూడా రాలేదు. పరుగున పైకెక్కాను. ఎవరూ లేరు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ట్యూబు కోసేశాను, తువ్వాలు పీకేశాను, సీసాని దొర్లించాను. సుత్తిని నీళ్లలోకి విసిరికొట్టాను. అన్నీ మళ్లీ మోగాయి. ఆ గోలలో వాడు కింద కొడుతున్నా నాకు వినపడదు. తెలిసే చేశాను.

ఎంత వెతికినా వాడు దొరకలేదు.

మూడు నెలలైంది. మా ఇంట్లో కుళాయి కారుతుంది, ఫ్యాను కటకటలాడుతుంది. నేను ముట్టుకోను. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. మొన్న మాత్రం ఒక్క మాట అంది: "అంత పనిమంతులు కదా, ఈ కుళాయి బిగించలేరా?"

ఇవాళ పనినుంచి వచ్చేసరికి ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంది. కుళాయి కారడం లేదు. ఫ్యాను ఆపేసి ఉంది. మా ఆవిడ వంటింటి నేలకి చెవి ఆనించి పడుకుని ఉంది.

"ష్... ఇద్దరూ ఉన్నారు," అంది. "మీ మీద చాలా కోపంగా ఉన్నారు."

ఆవిడ చేతిలో నా సుత్తి ఉంది. ఇంకా నీళ్లు కారుతూ...