బావగారి ఫ్లాస్క్

"పచ్చ కళ్ళజోడు మీద కన్నేసి ఉంచు. సాంపుల్ ఆమె చేతి మీదుగానే బయటికి పోతుంది," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్.

చీఫ్ అంటే ఏజెంటు డేగకు పరాయివాడు కాదు, స్వయానా అక్క మొగుడు. తుపాకీ పట్టడం నేర్పిందీ ఆయనే, ఏజెంటు ఉద్యోగంలో పెట్టిందీ ఆయనే. డేగ ఎదురు ప్రశ్న వేయకుండా క్లీనర్ యూనిఫారం తొడుక్కుని, గుండీలో కెమెరా పెట్టుకుని ల్యాబ్‌లో చేరాడు.

సాంపుల్ అంటే చిటికెన వేలి గోరంత కూడా లేని రాగి జల్లెడ. ఓ కొత్త వైరస్ తాలూకు ప్రొటీన్ దాని మీద గడ్డకట్టి, ద్రవ నైట్రోజన్‌లో భద్రంగా ఉంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెడితే ప్రొటీన్ రూపమంతా బయటపడుతుంది, మందు ఎక్కడ అతకాలో తెలుస్తుంది. కాస్త వేడి తగిలితే మాత్రం అంతా మట్టిపాలే. వైరస్‌నూ మందునూ కూడా తన గుప్పిట్లోనే ఉంచుకోవాలని ఓ విదేశీ ముఠా కాచుకుని ఉంది.

పచ్చ కళ్ళజోడు అక్కడి సైంటిస్టు. హైహీల్స్, సెంటు, మనిషిని మెత్తబరిచే నవ్వు. డబుల్ ఏజెంటని చీఫ్ ముందే చెప్పాడు కాబట్టి, ఆ నవ్వుకు డేగ పడిపోలేదు. ఆమె మాత్రం క్లీనర్‌ని కూర్చోబెట్టి ఓపిగ్గా జాగ్రత్తలు చెప్పింది. నైట్రోజన్ డబ్బా మూత బిగిస్తే పేలుతుందట. దాని పొగ పైకి లేవదట, నేల వైపే జారుతుందట.

సాంపుల్ మాయమైన మధ్యాహ్నం, పొద్దుటి నుంచీ తనిఖీ పేరుతో ల్యాబ్‌లోనే ఉన్న చీఫ్ స్వయంగా ఆమె చేతులకు బేడీలు వేశాడు. ఇక విచారణ అంతా హెడ్డాఫీసులోనే అంటూ, టేబుల్ మీది తన కాఫీ ఫ్లాస్క్ అందుకోబోయాడు. డేగ మొదటి జీతంతో కొనిచ్చిన ఫ్లాస్క్ అది. అక్క రోజూ అందులోనే కాఫీ పోసి పంపుతుంది.

మూత వదులుగా ఉంది. సందులోంచి తెల్లటి పొగ టేబుల్ అంచు మీదుగా కిందికి జారుతోంది.

డేగ ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు. "బావా, ఒక గుక్క కాఫీ పోస్తారా?"

"అయిపోయిందిరా."

డేగ పిస్టల్ తీశాడు. చీఫ్ నిదానంగా ఫ్లాస్క్ ఎత్తి, మూత తీసి వంచాడు. "అడుగు ముందుకేశావంటే ఒంపేస్తా."

"ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పెట్టారు బావా?"

"నువ్వైతే నన్ను అనుమానించవని."

ఆ మాటకు డేగ పిస్టల్ కాస్త కిందికి దించాడు. అదే అదనుగా చీఫ్ తలుపు వైపు తిరిగాడు. పచ్చ కళ్ళజోడు బేడీల చేతులతోనే ఆయన మణికట్టు మీద ఒక్కటిచ్చింది. జారిన ఫ్లాస్క్ నేలను తాకబోతుండగా డేగ పట్టేశాడు. చిందిన నైట్రోజన్ చలికి వేళ్ళ మీద పొక్కులు లేచాయి గానీ సాంపుల్ దక్కింది.

"మీ బావ ఆ ముఠాకు అమ్ముడుపోయాడని అనుమానం. నన్ను మంత్రిగారు పెట్టింది ఆయన మీద నిఘాకే," అంది ఆమె, సాంపుల్‌ని డబ్బాలోకి మార్చేస్తూ.

బేడీలు చేతులు మారాయి. చీఫ్ జేబులో ఫోన్ మోగింది. అక్క.

"నువ్వెత్తావేంట్రా? మీ బావ కాఫీ తాగారా?"

డేగ ఖాళీ ఫ్లాస్క్‌కు మూత పెట్టాడు.

"లేదక్కా. బాగా చల్లారిపోయింది."