విరగని మంత్రదండం

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... అయినా ఒహాయో ఆకాశం కాటుక పులుముకున్నట్టు నల్లబడింది! ఆర్డిత్ పెట్టె సర్దుతోంది. ఒక జత బట్టలు, బీపీ మాత్రలు, ఎల్వుడ్ ఫొటో. తాళం పడిందో లేదోనని మూడుసార్లు లాగి చూసింది.

ఆమె భర్త ఎల్వుడ్ నలభై ఏళ్లు ఇంద్రజాలం చేశాడు. మనిషిని రెండు ముక్కలుగా కోసే ఆటలో అతని రంపం కింద పడుకున్నది ఆమే. ఏప్రిల్‌లో అతను పోయాడు. ఇంద్రజాలికుడు పోతే శవపేటిక ముందు అతని మంత్రదండాన్ని విరిచేస్తారు. అప్పుడే ఆ చేతులకు విశ్రాంతి. కాని అంత్యక్రియల ఉదయమే దండం మాయమైంది! అది సైలస్ క్విగ్లీ అనే మరో ఇంద్రజాలికుడి చేతికి చిక్కిందనీ, వాడి ప్రదర్శనల్లో ఎల్వుడ్ గొంతు వినిపిస్తోందనీ కబురు...

రెండు గంటల ప్రయాణం. ఇంద్రజాలికుల మహాసభ జరిగే హోటల్లో కాఫీలు, పేకముక్కలు, కబుర్లు. ఎల్వుడ్ పాత మిత్రుడు హోబర్ట్ ఎదురొచ్చాడు.

"వదినా! అన్న నిన్ను అన్నేళ్లు కోసినా ఒక్క ముక్కగానే ఉన్నావే!"

"నీ నాలుక కోయడం మరిచిపోయాడు. క్విగ్లీ ప్రదర్శన ఎక్కడ?"

అతని నవ్వు ఆరిపోయింది. "వెళ్లకు వదినా. వాడి వేళ్లు... అచ్చం అన్న వేళ్లలా ఆడుతున్నాయి."

మూడు గంటలు. హాలు నిండిపోయింది. ఫెళఫెళమని ఉరుము! వేదికపై బల్ల మీద ఒక కపాలం... పక్కనే కళ్లు తేలేసిన క్విగ్లీ భార్య లొరేన్. క్విగ్లీ నల్లని దండంతో కపాలాన్ని తాకగానే ఆమె పెదవుల నుంచి ఎల్వుడ్ గొంతు వెలువడింది.

"ఆర్డీ... చేతులు నొప్పులే... వీడు నిద్రపోనివ్వడే..."

ఆర్డిత్ గుండె చెరువైంది. నాలుగు నెలల తర్వాత విన్న గొంతు! దండం విరిస్తే అదీ ఉండదు. అయినా లేచి వేదిక ఎక్కింది.

"దొంగవెధవా! అది నా మొగుడి దండం. ఇలా తే, విరుస్తాను."

"విరవాలి! విరవాలి!" సభ గర్జించింది. ఈ ఆచారాన్ని కాదన్నవాడికి ఆ వృత్తిలో చోటుండదు.

క్విగ్లీ వికృతంగా నవ్వాడు. "విరుచుకో ముసలిదానా! రేపు నీ గొంతు కూడా ఈ పుర్రెలో కూర్చోబెడతాను!"

అందిస్తున్నట్టే అందిస్తూ, కోటులో దాచిన నకిలీ దండంతో మార్చబోయాడు. ఇంద్రజాలికుడి అలవాటు! అక్కడే పొరపడ్డాడు. నాలుగు నెలలుగా ఆ మార్పిళ్లు చేస్తున్నవి వాడి వేళ్లు కావు... ఎల్వుడ్ వేళ్లు! అవి నకిలీని వదిలేసి, అదే కోటులో ఉన్న క్విగ్లీ సొంత దండాన్ని లాగి ఆమె చేతిలో పెట్టాయి.

వెండి కట్టు మీద వాడి పేరు! ఆర్డిత్ చదివింది.

"వద్దు! అది నాది! బతికున్నవాడి దండం విరవకూడదు!"

ఫట్!

క్విగ్లీ వేలికొనలు బూడిదై రాలడం మొదలైంది... మణికట్టు... మోచేయి... భయంకరమైన అరుపు మధ్యలోనే తెగిపోయింది! వేదిక మీద ఖాళీ కోటు మిగిలింది. ఎల్వుడ్ దండం ఆమె కాళ్ల దగ్గరికి దొర్లింది.

"ఆర్డీ..." లొరేన్ పెదవులు కదిలాయి.

"ఇక పడుకో ఎల్వుడ్," అని దాన్నీ విరిచింది.

లొరేన్ సాయంత్రానికి తేరుకుంది. సైలస్ క్విగ్లీ ఆగస్టు తొమ్మిది, శనివారం, మధ్యాహ్నం మూడూ ఇరవై తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఎల్వుడ్ మూడూ ఇరవై రెండుకు వెళ్లాడు. మళ్లీ రాలేదు.