మింగించిన మాత్ర

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. ఆరో తరగతి లీడర్ మాధవీలత నీలం మాత్రల డబ్బా పట్టుకుని బెంచీల మధ్య నడుస్తోంది. పిల్లలకు రక్తం పట్టాలని వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రలవి.

"ఒక్కటి కూడా మిగలొద్దు" అన్నారు మల్లేశ్వర్ సార్. మాధవీలతకి ఆ మాట చాలు.

చివరి బెంచీలో శ్రీకాంత్ కూర్చున్నాడు. బడిలో చేరి నెలైనా కాలేదు. మాత్ర తీసుకుని, మెల్లగా కిటికీలోంచి విసిరేశాడు.

"పారేసినవ్! నేను చూసిన!"

"నేను మింగొద్దంట మాధవీ. నాకు..."

అప్పుడే పక్కనున్న విమానాశ్రయంలో దిగబోతూ ఓ విమానం బడి మీదుగా పోయింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. విమానం వస్తే సార్ కూడా పాఠం ఆపుతారు. మాధవీలత ఆగలేదు. ఇంకో మాత్ర అతని చేతిలో పెట్టి అరిచింది.

"మింగు! మొన్న రెండ్రోజులు బడి ఎగ్గొట్టినవ్. ముఖం జూడు, సున్నం గోడ లెక్క ఉంది. నీకు రెండియ్యాలె!"

"సున్నం గోడ! సున్నం గోడ!" క్లాసంతా నవ్వింది.

శ్రీకాంత్ మాత్ర మింగాడు. కన్నీళ్లు మింగడం అతనివల్ల కాలేదు.

మర్నాడు ప్రార్థన కాకముందే వాళ్లమ్మ అనంతమ్మ వచ్చింది. చేతిలో కవరు నిండా రిపోర్టులు.

"సారూ, వీనికి తలసీమియా. పుట్టుకతోటే వచ్చింది. ఒంట్లో రక్తం సక్కగ తయారుగాదు. ఇరవై రోజులకోసారి దవాఖానల ఎక్కియ్యాలె. ఎక్కిచ్చిన రక్తంల ఇనుముంటది. అది గుండెల, కార్జంల పేరుకుంటది. దాన్ని తీయనీకె రోజూ మందు తాపుతున్న. మీరేమో మళ్ల ఇనుమే మింగిపిస్తరా?"

సార్ ఆ రిపోర్టులు అందుకున్నారు.

"పసిగున్నప్పుడూ గింతే. పిల్లగాడు తెల్లగున్నడంటే డాక్టర్లు ఏడాదంత ఐరన్ టానిక్కే రాసిండ్రు. సరైన రక్తపరీక్ష చేపిస్తే అప్పుడే తెలుస్తుండె. ఒక్కరన్న చేపిచ్చిండ్రా? మీకు చేర్పించిన్నాడే కాగితమిచ్చిన. ఎవరన్న చదివిండ్రా?"

సార్ బీరువా తెరిచారు. కాగితం ఉంది. దాని మడత ఎవరూ విప్పలేదు.

"తప్పు నాదేనమ్మా."

"ఒక్క మాత్రకు ఏంగాదన్నడు డాక్టర్. గని వాడు చెప్పబోయిండట గద! ఎందుకినలే?"

ఆమె అడిగింది సార్‌ని. తలుపు పక్కన నిలబడ్డ మాధవీలతకి చెవులు వేడెక్కాయి. సార్ కాగితం చదవలేదు, సరే. తన ఎదురుగా మనిషే ఉన్నాడు కదా! తన మీద తనకే ఒళ్లు మండింది.

తర్వాతి వారం మళ్లీ మాత్రల డబ్బా వచ్చింది. మాధవీలత చివరి బెంచీ దగ్గరికి రాగానే వెనక నుంచి ఎవరో అన్నారు.

"సున్నం గోడకు రెండియ్యవా?"

మాధవీలత గిర్రున తిరిగింది. "ఆ పేరు పెట్టింది నేను. నాదే తప్పు. ఇగ ఎవ్వరన్న ఆ మాటన్నరో, చూడుండ్రి!"

ఆమె శ్రీకాంత్ వైపు తిరిగింది.

"ఆ రోజు నువ్వేమో చెప్పబోయినవ్."

అతను తలెత్తాడు. "రక్తం ఎక్కిచ్చేటప్పుడు..." అని మొదలుపెట్టాడు.

విమానం వచ్చింది. కిటికీలు గడగడలాడాయి.

మాధవీలత డబ్బా మూత పెట్టింది. పక్కనే బెంచీ మీద కూర్చుంది. మోతంతా పోయి, కిటికీ రెక్కలు కదలడం ఆగేదాకా చూసింది.

"ఊఁ... ఇప్పుడు చెప్పు" అంది.