ఎన్నేళ్ళకు లెక్క వేయమంటారు?

మార్చి నెలలో ఒక మంగళవారం లోర్నా బ్రైట్‌బాక్‌కు ఇన్సూరెన్స్ పోయింది.

ఉత్తరం ఆమె భర్త పేరు మీద వచ్చింది. డ్వేన్ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆయన ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన పంపుల కంపెనీ, "ప్రియమైన డ్వేన్" అని మొదలుపెట్టి, రిటైరైనవాళ్ళకూ వాళ్ళ భార్యలకూ ఇస్తున్న ఆరోగ్య బీమాను ఈ నెలాఖరుతో ఆపేస్తున్నామని తెలియజేసింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని చివర్లో రాసింది.

లోర్నా ముప్పై ఏళ్ళు చర్చి బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పిన మనిషి. పెన్సిల్ తీసి "అసౌకర్యం" అన్న మాట చుట్టూ సున్నా చుట్టింది. తర్వాత ఉత్తరం మీద ఉన్న పేరు చూస్తూ కాసేపు కూర్చుంది. కరెంటు బిల్లూ బ్యాంకు కాగితాలూ ఎప్పుడో ఆమె పేరుకు మారిపోయాయి. ఆయన పేరున వస్తూ ఉన్నది ఇదొక్కటే. ఇక అదీ రాదు.

ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. అరవై ఐదు దాటినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా ఉంది. కానీ అది డాక్టరు ఖర్చులో నూటికి ఎనభై ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. మిగతా ఇరవైకి సప్లిమెంటు పాలసీ ఒకటి విడిగా కొనుక్కోవాలి. పాత బీమా పోయిన నాటి నుంచి అరవై మూడు రోజుల లోపల కొంటే ఏ కంపెనీ అయినా నోరెత్తకుండా ఇచ్చి తీరాలి. అరవై నాలుగో రోజున మాత్రం జబ్బుల గురించి అడగొచ్చు, కాదు పొమ్మనొచ్చు. క్రితం ఏడే లోర్నా గుండెలో స్టెంటు వేశారు. అడిగిన ప్రతివాడూ పొమ్మనే అంటాడు. అంటే జూన్ రెండో తేదీ ఆఖరు.

ఈ సంగతి ఆమెకన్నా ముందు దేశంలోని ఏజెంట్లందరికీ తెలిసిపోయినట్టుంది. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. "హలో లోర్నా! ఈ పూట ఎలా ఉన్నారు?" గొంతులన్నీ తేనె. ఒకతనికి ఆమె కేకు మాడిపోయిందని చెప్పి పెట్టేసింది. నిజంగానే మాడిపోయింది. పోస్టు డబ్బాలో రంగురంగుల కార్డులు. అన్నిటి మీదా తెల్లజుట్టు దంపతులు బీచిలో పరిగెత్తుతున్నారు.

"ఆ కార్డులన్నీ చెత్తలో పడెయ్ వదినా," అంది డ్వేన్ చెల్లెలు కొరిన్. "గురువారం గురువారం లైబ్రరీలో ప్రభుత్వం తరఫున వాలంటీర్లు కూర్చుంటారు. వాళ్ళేమీ అమ్మరు. ఉత్తినే చెప్తారు."

"అమ్మనివాళ్ళు మనకెందుకు చెప్తారే?"

"అడిగేదేదో వాళ్ళనే అడుగు. నా బుర్ర తినకు."

లైబ్రరీ పై అంతస్తులో, మిసిసిపీ నది కనబడే కిటికీ పక్కన ఒక బల్ల. బల్ల వెనక డెబ్భై దాటిన పొడుగాటి మనిషి. మెడలో తాడుకు కళ్ళజోడు. చొక్కా మీద బిళ్ళకు వెర్లిన్ ఆస్ట్రాండర్ అన్న పేరు.

"నాకెక్కువ టైం అక్కర్లేదండీ," అంది లోర్నా కూర్చోకుండానే. "ఏది మంచిదో చెప్పండి, సంతకం పెట్టి వెళ్ళిపోతాను."

"అది నేను చెప్పకూడదండీ."

"ఏది?"

"ఏది మంచిదో."

"మరి మీరిక్కడ ఎందుకున్నట్టు?"

"పోల్చి చూపించడానికి. కూర్చోండి."

ఆయన ఒక కాగితం తిప్పి ఆమె వైపు జరిపాడు. "మీకు సరిపడేవాటిలో ఎక్కువమంది తీసుకునేది ప్లాన్ జి. పద్దెనిమిది కంపెనీలు అమ్ముతాయి. ఎవరి దగ్గర కొన్నా లోపలి సరుకు ఒకటే. చట్టం అలా ఉంది, అక్షరం మారదు."

"ధర?"

"నూట పద్దెనిమిది డాలర్ల నుంచి రెండు వందల తొంభై దాకా. నెలకి."

"ఒకే సరుకుకా?"

"ఒకే సరుకుకి."

"ఇది చట్టమా, వేళాకోళమా?"

"అది కూడా నేను చెప్పకూడదండీ," అన్నాడాయన, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

ఆయన నవ్వించబోయాడేమోనని ఆమెకు ఇంటికి వెళ్ళాక తోచింది. అప్పటికి కోపం తగ్గలేదు గనక నవ్వలేదు.

"వెర్లినా అక్కడ కూర్చున్నది!" అని పకపకా నవ్వింది కొరిన్ ఫోన్లో. "ఆయన పాతికేళ్ళు బేస్‌బాల్ అంపైరు వదినా. ఫైనల్లో సొంత తమ్ముణ్ణే ఔటిచ్చాడు. రెండేళ్ళు మాటల్లేవు వాళ్ళకి. ఆయన నోటి నుంచి పక్షపాతం రావాలంటే గునపం పెట్టి పెకలించాలి."

రెండో గురువారం లోర్నా తన ప్రశ్నలన్నీ రాసుకుని వెళ్ళింది. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు, ఒక్కదానికి తప్ప. వయసుతో పాటు ధర పెంచే కంపెనీలేవో, వయసుతో పని లేకుండా అందరికీ ఒకే ధర వేసే కంపెనీలేవో విడదీసి చూపించాడు. ఆయన రాసిన కాగితంలో రెండు అక్షర దోషాలుంటే లోర్నా పెన్సిల్‌తో దిద్దింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "థాంక్సండీ," అన్నాడు. మూడో గురువారం నుంచి కాగితాన్ని ముందుగా ఆమెకే ఇవ్వడం మొదలుపెట్టాడు, దిద్దమన్నట్టు.

"మీ ఇంట్లో ఇంకా పెద్దవాళ్ళెవరైనా ఉంటారా? ఉంటే కొన్ని కంపెనీలు ఏడు శాతం తగ్గిస్తాయి."

"పిల్లి ఉంది."

"వయసెంత?"

"పదిహేడు."

ఆయన కాగితం కేసి చూశాడు. "పద్దెనిమిది నిండాలండీ. వచ్చే ఏడు కనుక్కుందాం."

ఈసారి లోర్నా నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది.

ఏప్రిల్‌లో ఆమె పెరట్లో పెరిగిన పుల్లటి రూబార్బ్ కాడలతో తియ్యటి బిళ్ళలు చేసి పట్టుకెళ్ళింది. క్లయింట్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మీకని ఎవరన్నారు? లైబ్రరీకి తెచ్చాను," అని ఆమె డబ్బా బల్ల మీద పెట్టింది. లైబ్రరీ తరఫున ఆయన మూడు తిన్నాడు.

ఆ రోజు బయటికి వచ్చేసరికి వాన. ఆయన గొడుగు తెచ్చి కారు దాకా వచ్చాడు. గొడుగంతా ఆమె వైపే ఉంది. ఆయన కుడి భుజం, కాదనడానికి వీల్లేనంతగా తడిసింది.

"ఇది తగ్గుతుందంటారా?" అంది లోర్నా.

"తగ్గొచ్చు. తగ్గకపోనూ వచ్చు."

"దేవుడా! వాన విషయంలో కూడానా?"

మే మధ్యకు వచ్చేసరికి పద్దెనిమిదిలో రెండే మిగిలాయి. మొదటిది ఇప్పుడు చవక, కానీ ప్రతి పుట్టినరోజుకూ పెరుగుతుంది. రెండోది నూట డెబ్భై ఆరుతోనే మొదలవుతుంది. వైద్యం ఖర్చులు పెరిగితే అదీ పెరగొచ్చు గానీ, మనిషికి వయసు పెరిగిందని మాత్రం పెరగదు.

"పదేళ్ళు దాటాక మొదటిది రెండోదాన్ని మించిపోతుంది," అన్నాడు వెర్లిన్. "కాబట్టి ఎన్నేళ్ళకు లెక్క వేయమంటారు?"

"ఐదు."

ఆయన పెన్ను ఆగింది. "ఐదా?"

"ఐదు చాలు. డ్వేన్ డెబ్భై మూడుకు పోయాడు. అది దాటి నాకు ఇక్కడ పనేముంది?"

ఆమె మామూలుగానే అంది. కిరాణా చీటీలో పంచదార ఎంతో చెప్పినట్టు అంది. ఆయన చాలాసేపు కాగితం కేసి చూసి, అయిదంకె వేశాడు. ఆ ఒక్క అంకె వేయడానికి అంత టైం ఎందుకు పట్టిందో ఆమెకు అర్థం కాలేదు. తర్వాత కళ్ళజోడు తీసి, ఇవ్వాళ్టికి టైం అయిపోయిందన్నాడు. గోడ గడియారంలో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి.

మరుసటి గురువారం ఆ బల్ల వెనక వెర్లిన్ లేడు. ఊదారంగు స్వెట్టరు వేసుకున్న గెయిల్ అనే ఆవిడ కూర్చుంది.

"మీ ఫైలు ఆయన నాకు అప్పగించారండీ. సంతకం ఒక్కటేగా మిగిలింది, కానిచ్చేద్దాం."

"ఒంట్లో బాగాలేదా ఆయనకి?"

"బ్రహ్మాండంగా ఉన్నారు."

"మరెందుకు అప్పగించారు?"

గెయిల్ ఫైలు మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. "అది నేను చెప్పకూడదండీ."

లోర్నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం బళ్ళో నేర్పిస్తారో వీళ్ళకి! సంచీ భుజాన వేసుకుని, "ఎక్కడున్నాడాయన?" అంది.

"అది చెప్పొచ్చు," అంది గెయిల్ హుషారుగా. "వాగు పక్కన బేస్‌బాల్ మైదానంలో గీతలు గీస్తుంటారు."

మైదానంలో ఎవరూ లేరు. పొద్దుటి వానకు నేల ఇంకా మెత్తగా ఉంది. వెర్లిన్ సున్నపు బండిని తోసుకుంటూ తెల్లగీత గీస్తున్నాడు. ఆమె ఆ గీత మీదుగానే నడిచి వెళ్ళింది.

"తొమ్మిది రోజులే ఉన్నాయి నాకు. తొమ్మిది! ఇప్పుడా నన్ను వదిలెయ్యడం?"

"వదిలెయ్యలేదండీ. గెయిల్ నాకన్నా బాగా..."

"నేను గెయిల్ గురించి అడగలేదు. కారణం అడుగుతున్నాను. ముప్పై ఏళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లల చేత కారణాలు చెప్పించినదాన్ని. చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

ఆయన బండి ఆపి టోపీ తీశాడు. "ఫైలు మార్చే ఫారంలో నాలుగు కారణాలుంటాయి. ఒంట్లో బాగాలేకపోవడం. ఊరు మారడం. క్లయింటుతో గొడవ."

"గొడవ పడ్డామా మనం?"

"మొదటి రోజు నుంచీ. కానీ నేను టిక్కు పెట్టింది అది కాదు."

"నాలుగోదేమిటి?"

ఆయన టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. "క్లయింటు విషయంలో సలహాదారుకు సొంత ఆసక్తి కలగడం."

"అంటే? డబ్బా?"

"డబ్బు కాదు."

చెట్ల మీంచి నీళ్ళు రాలుతున్నాయి. లోర్నాకు హఠాత్తుగా తన చెప్పులకు అంటిన సున్నం చాలా ముఖ్యంగా కనిపించింది.

"ఆసక్తి," అంది చివరికి. "అదేం మాటండీ?"

"ఫారంలో ఉన్న మాట. నేను పెట్టింది కాదు. మీరు ఐదన్నారు. నేను రాశాను. రాయడం నా పని. కానీ ఆ పెన్ను విరిచి అవతల పారేద్దామనిపించింది. ఈ పనిలో పదకొండేళ్ళుగా ఎవరి అంకె మీదా నాకు కోపం రాలేదండీ. కోపం వచ్చినవాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు."

"ఇప్పుడు మీరు నా సలహాదారు కాదుగా?"

"కాను."

"అయితే చెప్పండి. ఏది తీసుకోవాలి?"

"రెండోది," అన్నాడు వెంటనే. ఔటిచ్చేవాడి గొంతుతో అన్నాడు.

"ఎందుకు?"

"మొదటిది ఐదేళ్ళవాళ్ళకి. మీరు తొంభై దాకా ఉంటారు. ఉండి ఊళ్ళో అందరి కాగితాలూ దిద్దుతారు."

"నా భర్త పోయాడని చెప్పాను మీకు." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నా సొంత లెక్క నన్ను వేసుకోనివ్వరా?"

"విన్నానండీ. నా భార్య మర్నా పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పుడు నేనూ ఐదే అనుకున్నాను. చవకదే తీసుకున్నాను."

"తీసుకుంటే?"

"తీసుకుంటే ఏముంది? పోలేదు. ఐదూ అయిపోయి నాలుగేళ్ళు దాటింది. ప్రతి పుట్టినరోజుకూ పెంచుకుంటూ పోతున్నారు. మారదామంటే షుగరుంది, ఎవరూ రానివ్వరు. ఊరందరికీ పోల్చి చూపించేవాణ్ణి, ఊళ్ళో అందరికన్నా ఎక్కువ కట్టేది నేనే."

లోర్నాకు నవ్వొచ్చింది. రావడం ఆమెకే నచ్చలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. నవ్వుతూనే ఉండగా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. డ్వేన్ పోయిన రోజు కూడా ఆమె నలుగురిలో ఏడవలేదు. వెర్లిన్ దగ్గరికి రాలేదు, ఓదార్చనూ లేదు. ఆమె తేరుకునేదాకా టోపీ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"గీత పాడు చేశాను," అంది ఆమె ముక్కు తుడుచుకుని.

"మళ్ళీ గీస్తాను."

"శుక్రవారాలు మీరేం చేస్తుంటారు?"

"నది అవతల క్లబ్బులో చేపల వేపుడుంటుంది. ఒక్కణ్ణే వెళ్తాను. వస్తారా? రావొచ్చు, రాకపోవచ్చు అని మాత్రం అనకండి."

"వస్తాను," అంది లోర్నా. "కానీ నా చేపకు నేనే డబ్బులిచ్చుకుంటాను."

తర్వాతి గురువారం ఆమె గెయిల్ ఎదుట కూర్చుని రెండోదాని మీద సంతకం పెట్టింది. గెయిల్ ఏమీ అడగలేదు గానీ, స్టాంపు వేస్తున్నంతసేపూ ఆవిడ ముఖం వెలిగిపోతూనే ఉంది. కార్డు జూన్ మొదటి వారంలో వచ్చింది. దాని మీద ఆమె పేరు ఒక్కటే ఉంది, తప్పుల్లేకుండా. లోర్నా దాన్ని పర్సులో పెట్టుకుంది. కంపెనీ రాసిన ఉత్తరాన్ని డ్వేన్ కాగితాలతో పాటు సొరుగులో పెట్టింది.

శుక్రవారాలు ఇప్పటికి మూడయ్యాయి. మూడో శుక్రవారం వంతెన మీద తిరిగి వస్తుంటే వెర్లిన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

కొరిన్‌కు ఇంకా చెప్పలేదు. చెప్పాలి.