సామాను పెరిగే ఇల్లు

ఆ సందు చివరి ఇంటికి చెడ్డపేరొచ్చి వారమైంది. చీకటి పడితే చాలు, లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడు... ఎదురింటి టైలరమ్మ ఏడింటికే కిటికీ మూసేసేది. దెయ్యాలున్న ఇళ్లలో వస్తువులు మాయమవుతాయని విన్నాం. ఈ ఇంట్లో మాత్రం — పెరిగేవి!

ఇది నాకు చెప్పింది స్టోరు బాబాయి. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ స్టోరు చూసుకుని ఒక్క బోల్టు తేడా రానివ్వలేదని, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లక్కూడా చెప్పే మనిషి. ఆ ఇల్లు ఆయన అన్నయ్యది. పోతూ పోతూ వీలునామాలో తమ్ముణ్ని ఎగ్జిక్యూటర్‌ని చేశాడు. బాబాయి అదేదో బిరుదనుకుని కాలరెగరేస్తే, ప్లీడరు గాలి తీసేశాడు.

"ఇంట్లో ప్రతి వస్తువూ రాయాలండీ. పంపకాలయ్యేదాకా కాపలా మీరే. జాబితా నిజమని కోర్టులో ప్రమాణం చేయాలి... తేడా వస్తే మీ మెడకే."

బాబాయి రాశాడు. కుర్చీలు ఆరు. మర్నాడు సరిచూస్తే — ఎనిమిది! ఒకదానికి కాలు లేదు. ఆ మర్నాడు చిరిగిన పరుపు. తర్వాత మూతలేని వాషింగ్ మెషీన్. అన్నయ్య పిల్లలు ముగ్గురికీ ఫోన్ చేస్తే ముగ్గురిదీ ఒకటే మాట.

"నాన్నకి ఇల్లొదలబుద్ధి కావట్లేదేమో బాబాయ్..."

కోర్టు వాయిదా ఇంకో నాలుగు రోజులుందనగా ఓ రాత్రి, టార్చి పట్టుకుని వంటింట్లో నక్కాడు. భయం లేదంటే అబద్ధం. దెయ్యం పీక పిసుకుతుందని కాదు — దొంగ ప్రమాణం చేసి ఈ వయసులో జైలు కూడు తినాల్సొస్తుందని.

పది దాటింది. తాళం... దానంతటదే తిరిగింది. తలుపు కిర్రుమంది. గుమ్మంలో — చెక్క బీరువా! తల లేదు, చేతుల్లేవు... కింద రెండు కాళ్లు మాత్రం ఉన్నాయి. ఒక్కో అడుగే వేస్తూ లోపలికొస్తోంది.

బాబాయి గోడకి అతుక్కుపోయి అడిగాడు.

"అన్నయ్యా... నువ్వేనా?"

"అబ్బా! వేలు నలిగింది!" అంది బీరువా.

టార్చి వేస్తే కింద అన్నయ్య పెద్దకొడుకు.

"ఇల్లు ఖాళీ చేయించేది నువ్వేగా బాబాయ్," గుసగుసగా అన్నాడు. "ఖర్చు నాన్న ఆస్తిలోంచే. మా పాత సామాను కూడా దాంతోపాటే ఊరికే పోతుందని... నేనొక్కణ్నే కాదు... పరుపు చెల్లిది, మెషీన్ తమ్ముడిది."

తండ్రి పోయి నెల తిరక్కుండానే ఆయనిల్లు చెత్తకుప్ప చేశారని బాబాయికి ఏడుపొచ్చింది. తెల్లారగానే తాళం మార్పించి, "ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి" అని ముగ్గురికీ నోటీసులిచ్చాడు. మోత కూలి ఎవడిస్తాడు? ముగ్గురూ సంతకాలు చేసి రాసిచ్చారు — మావి కావు, నాన్నవే అని.

బాబాయి జాబితాలో ఉన్నదున్నట్టు రాశాడు: "చెక్క బీరువా ఒకటి. పెద్దవాడు మోసుకురాగా నేను కళ్లారా చూశాను. తనది కాదంటున్నాడు." దానికే ప్రమాణం చేసి, హాయిగా నిద్రపోయాడు.

వారం తర్వాత, రాత్రి పూట బాబాయింటి తలుపు దబదబ. పెద్దవాడు... కాళ్లకి చెప్పులు కూడా లేవు.

"బాబాయ్... బీరువా అడుగు సొరుగులో మా ఆవిడ నగలు! నేనెరగను... ఇప్పుడే చెప్పింది..."

"నీదని మిగతా ఇద్దరి చేతా రాయించుకురా. అప్పుడు ప్లీడర్నడిగి ఇచ్చేస్తా."

పెద్దవాడు అక్కడే నిలబడి, స్పీకర్ పెట్టి ఇద్దరికీ ఫోన్ చేశాడు. నగల సంగతి చెప్పాడు.

"అది నాన్న బీరువా కదా అన్నయ్యా," అంది చెల్లెలు మెల్లిగా. "మూడు భాగాలు."